నిశాని

ఊరి పేరు రాస్తలేను. ఇప్పటి సిద్దిపేట జిల్లా అక్కన్నపేట మండలంల ఒక ఊరు అనుకోండ్రి. 1995ల మాది హుస్నాబాద్ మండలం, కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబర్‌ల మండలం మారింది, జిల్లా మారింది. ఊర్లె పెత్తనం ఎంత మారిందన్నది మా అవ్వ బొటనవేలును అడగాలె.

మా తాతల కాలంల పంచాయతి అంటే దొర గడి ముందట చెప్పులిడిచి నిలబడుడు. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారి – ఊరి లెక్కంత వాళ్ల చేతుల్నే. 1978 జగిత్యాల జైత్రయాత్ర నుంచి కరీంనగర్ జిల్లాల వెట్టి కదిలింది. 1983ల వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేలు, పట్వారీ కొలువులు తీసేసింది. కొలువులు పోయినయి గని పెత్తనం పోలేదు. గడిల ఏకగ్రీవమంటే ఊరంత ఏకగ్రీవమే.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలైంది. 1994ల రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టమొచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు జనాభా లెక్కన, ఆడోళ్లకు మూడోవంతు సీట్లు. 1995 ఓట్లల్ల మా వాడ వార్డు ఎస్సీ మహిళకు పడ్డది. అవ్వను నిలబెట్టింది మేం కాదు. సంతకం రాదని తెలిసి పెద్దమనుషులే నిలబెట్టిండ్రు.

అవ్వ మీటింగుకు పోలేదు. మీటింగే వాడకు వచ్చేది. కారోబారు తీర్మానాల పుస్తకం చంకల పెట్టుకొని వాడ మొగదల నిలబడి, “ఏమే, నిశాని పెట్టిపో” అనేటోడు. నాటు కాడికెళ్లి అవ్వ బురద చేతులు కొంగుకు తుడుసుకుంట ఉరికొచ్చేది. ఏం రాసిండ్రని ఆమె అడగలేదు. ఇంటర్ చదువుతున్న నేనూ అడగలేదు. అది నా సిగ్గు.

ఒకనాడు నేను ఇంటికాడ ఉన్నప్పుడు పుస్తకమొచ్చింది. “చదువు బిడ్డా” అన్నది అవ్వ. హరిజనవాడకు మంజూరైన బోరింగు అక్కడ నీళ్లు పడవు గనుక గుడికాడ వేయుటకు సభ్యులందరు ఏకగ్రీవంగా తీర్మానించినట్టు రాసి ఉన్నది.

సిరా అంటిన వేలు అవ్వ ఎనక్కు గుంజుకున్నది.

“నీళ్లు పడయని ఎవలు తవ్వి చూసిండ్రు పటేలా?”

“నువ్వొక్కదానివి పెట్టకుంటె ఆగుతదా?”

“ఆగకుంటె నాకాడికెందుకొచ్చినవు?”

తీర్మానం ఆగలేదు. బోరింగు గుడికాడనే పడ్డది. నెల రోజులు మా ఇంటోళ్లను కూలికి పిలువలేదు. కాని ఆ పుస్తకంల ‘ఏకగ్రీవంగా’ అన్న మాట మీద గీత పడ్డది. ఆ తర్వాత అవ్వే మీటింగుకు పోయింది. కుర్చీ ఇయ్యలేదు, గడప కాడ కూసున్నది. చదివి వినిపించినంకనే వేలు పెట్టింది.

ఇప్పుడు అవ్వ లేదు. 2019 ఓట్లల్ల సర్పంచు కుర్చీ మా వాడకొచ్చింది. డప్పులు కొట్టుకున్నం. 2018 చట్టం చెక్కు మీద ఉపసర్పంచు సంతకం గూడ ఉండాలన్నది. ఆ పదవికి రిజర్వేషను లేదు. వార్డు మెంబర్లు ఎన్నుకుంటరు. పాత పెద్దమనుషుల మనిషే కూసున్నడు. ఆయన సంతకం పెట్టందే ట్రాక్టరు డీజిలుకు పైస కదలలేదు. గడిల ఉన్న పెత్తనం రెండో సంతకంలకు వచ్చింది.

2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన, 2025 డిసెంబర్‌ల మళ్ల ఓట్లు. సర్పంచు సీటు ఎవలకు పడ్డదని అందరం అడిగినం. ఉపసర్పంచు ఎవలని అడిగినోళ్లు తక్కువ.

చదువుకునే తమ్ముండ్లు, చెల్లెండ్లకు నేను చెప్పేదొక్కటే. గెలిచిన నాడు డప్పు కొడుదాం. తీర్మానాల పుస్తకం తెరిచిన నాడు గూడ పోయి కూసుందాం. “చదువుండ్రి” అని అడుగుదాం. అవ్వ అడిగింది గంతే.