దేవతలకు ప్రియుడు మూర్ఖుడెలా అయ్యాడు?

మొన్నొక శనివారం నాలుగు కుటుంబాలవారు మా ఇంటికి భోజనానికి రావలసి ఉంది. మేము కొట్టుకు బయలుదేరుతుంటే వంటింట్లోంచి మా శ్రీమతి, "బియ్యం నిండుకున్నాయని నాన్నగారితో చెప్పరా" అని అబ్బాయిని పంపింది. వాడు వచ్చి, "బియ్యం ఫుల్లుగా ఉన్నాయట నాన్నా" అన్నాడు. మేము కూరలు మాత్రం తెచ్చాం. ఆ రాత్రి గోంగూర పచ్చడిని అతిథులు బ్రెడ్డుతో తినవలసి వచ్చింది.

వాడి తప్పేమీ లేదు. "నిండు" అంటే వెలితి లేకపోవడం, "నిండుకోవడం" అంటే అయిపోవడం. ఇంట్లో గింజలు "లేవు" అనడం అశుభమని మన పెద్దలు మాటను తిరగేశారు. దీపం ఆరిందనక "కొండెక్కింది" అనడం కూడా ఈ కోవలోదే. ఇలా మాటలు అశుభమన్న భయంతో తిరగబడతాయి. ఎగతాళితో కూడా తిరగబడతాయి. అందుకు చరిత్రలో గొప్ప ఉదాహరణ ఒకటుంది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని పెద్ద శిలాశాసనాలు 14, వాటితోపాటు చిన్న శాసనాలూ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. క్రీ.పూ. 3వ శతాబ్దపు ఆ రాతల్లో రాజు తనను "దేవానంపియ" అని చెప్పుకున్నాడు. సంస్కృతంలో "దేవానాంప్రియ", అంటే దేవతలకు ఇష్టుడు. అది రాజులకు తగిన బిరుదు. సింహళంలో తిస్స మహారాజుకు కూడా అదే బిరుదు ఉండేది.

మరి సంస్కృత వ్యాకరణం తెరిస్తే? సమాసంలో సాధారణంగా విభక్తి లోపించి "దేవప్రియ" కావాలి. నింద తోచేటప్పుడు షష్ఠీ విభక్తి లోపించదని పాణిని సూత్రం. ఆ సూత్రం కింద కాత్యాయనుడు "దేవానాంప్రియ" మాటను చేర్చాడు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ప్రతివాదిని ఎత్తిపొడవడానికి ఆ మాటే వాడారు. 17వ శతాబ్దం నాటికి భట్టోజీ దీక్షితుని సిద్ధాంతకౌముది, దానికి మూర్ఖుడని అర్థం స్థిరపరచింది. వ్యాఖ్యాతలు కారణం కూడా చెప్పారు: జ్ఞానం లేనివాడు పశువులా దేవతలకు సేవచేస్తూనే ఉంటాడు, కనుక వాడే వారికి ప్రియుడు! బౌద్ధరాజు మీద వైదికుల కినుకే దీనికి మూలమని కొందరు పండితుల అభిప్రాయం. ఎగతాళి ఒక్కటే చాలునని మాకు తోస్తుంది. పనికిమాలినవాణ్ణి "మహానుభావుడు" అనడం మనమెరగనిదా?

ఈలోగా బ్రాహ్మీ లిపి చదివేవారు కరవయ్యారు. తిట్టు పండితుల నోట మిగిలింది, బిరుదు బండ మీద మూగబోయింది. 1837లో ప్రిన్సెప్ దొర ఆ లిపిని చదివాడు. ఈ రాజు అశోకుడేనని టర్నర్ సింహళ గ్రంథాల ఆధారంగా గుర్తించాడు. 1915లో, అప్పటి నిజాం రాజ్యంలోని మస్కి శాసనంలో బిరుదు పక్కనే అశోకుని పేరు మొదటిసారి కనిపించింది. మస్కి నేడు కర్ణాటకలో ఉంది.

మాటకు అర్థం నిఘంటువులో మాత్రమే ఉండదు, పలికే ఇంట్లోనూ, గొంతులోనూ ఉంటుంది. గొంతు వినబడకపోతే సగమే మిగులుతుంది. అందుకే పిల్లలకు అక్షరాలు నేర్పితే చాలదు, వాళ్ళ ముందు మాట్లాడాలి. బ్రెడ్డు తిన్న రాత్రి మా అబ్బాయికి ఈ సంగతులే చెబుతుంటే, వాడు అడిగాడు: "ఊళ్ళోంచి వచ్చేటప్పుడు నానమ్మతో మీరేమన్నారు?"

"వెళ్ళొస్తాం" అన్నాం. "వెళ్తాం" అనకూడదు కదా. మేము మర్యాదకన్న ఆ మాటను ఆవిడ అక్షరాలా పట్టుకుని, ప్రతి ఉత్తరంలోనూ తేదీ అడుగుతోంది. మాటలో సగం మేము చేశాం. మిగతా సగం బాకీ ఉంది.