వీర్యంలో పుట్టి రక్తపరీక్షకెక్కిన ప్రోటీను

అరవై దాటిన పాఠకులలో పలువురి చేతికి పి.ఎస్.ఏ. రిపోర్టు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. అందులో అంకె 4 నానోగ్రాములను మించితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అట్టి కాగితం పట్టుకొని నావద్దకు వచ్చినవారిలో అధికులు పి.ఎస్.ఏ. అంటే క్యాన్సరు విడుదల చేసే విషమని భావించేవారు. నిజానికది సంతానోత్పత్తికై ప్రకృతి నియమించిన పనివాడు. దాని చరిత్ర తెలిస్తే ఆ అంకెను చదివే తీరు మారుతుంది గనుక, ఆ కథ మీకు చెప్పదలచాను.

1677లో డచ్చి దేశీయుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో శుక్రకణాలను చూసినది మొదలు, అందరి దృష్టీ ఆ కదిలే కణాలపైనే నిలిచింది. వాటిని మోసే ద్రవాన్ని వట్టి వాహనంగా ఎంచారు. పద్దెనిమిదవ శతాబ్దపు చివరలో ఇటలీకి చెందిన స్పల్లంజానీ కప్పల వీర్యాన్ని వడగట్టి, వడిసిన ద్రవానికి ఫలదీకరణ శక్తి లేదనీ, వడపోత కాగితంపై మిగిలినదానికి ఉన్నదనీ చూపాడు. విచిత్రమేమంటే, శుక్రకణాలే అందుకు కారణమని ఆయన మాత్రం అంగీకరించలేదు!

ఆ ద్రవానికి స్వంత పని ఉన్నదని 1896లో ఫ్రాన్సులో కామ్యూ, గ్లే అనే ఇద్దరు గమనించారు. ఎలుకల జాతి జంతువులలో శుక్రాశయాల స్రావానికి ప్రోస్టేట్ గ్రంథి స్రావం తగలగానే అది గడ్డకడుతుంది. సంగమానంతరం ఆడజంతువు యోనిలో అదే బిరడాగా నిలుస్తుంది. మనుషులలో వ్యవహారం వేరు. వెలువడిన వెంటనే వీర్యం జిగురుముద్దగా మారి, పదిహేను నిమిషాల నుండి అరగంటలోగా మళ్ళీ పలచబడుతుంది. సంతానం కోసం పరీక్షలు చేయించుకున్న దంపతులు వీర్యపరీక్ష నివేదికలో ఈ ద్రవీకరణ కాలాన్ని చూసే ఉంటారు. గడ్డను విప్పేదెవరు?

స్వీడన్‌లో హాన్స్ లిల్యా 1985లో దీనికి సమాధానం ప్రకటించాడు. శుక్రాశయాల నుండి వచ్చే సెమినోజెలిన్ అనే ప్రోటీను వలవలె అల్లుకొని శుక్రకణాలను బంధిస్తుంది. ప్రోస్టేట్ స్రావంలోని ఒక ఎంజైము కత్తెరవలె ఆ వలను ముక్కలు చేస్తుంది. అప్పుడు గాని శుక్రకణాలు స్వేచ్ఛగా ఈదలేవు. ఆ కత్తెరే మన పి.ఎస్.ఏ.

అయితే అప్పటికే ఆ ప్రోటీను వేర్వేరు ద్వారాల గుండా, వేర్వేరు పేర్లతో లోకంలోకి వచ్చి ఉన్నది. 1971లో జపాన్‌లో మిత్సువో హారా బృందం దానిని వీర్యద్రవంలో గుర్తించి గామా సెమినోప్రోటీన్ అన్నది. 1978లో అమెరికాలో జార్జి సెన్సబా పి30 అన్నాడు. ఆయన అవసరం నేరపరిశోధన. వేసెక్టమీ అయిన పురుషుని వీర్యంలో శుక్రకణాలుండవు; అత్యాచార కేసులో సూక్ష్మదర్శిని అక్కడ నిస్సహాయం. ఈ ప్రోటీను మాత్రం ఉంటుంది. 1979లో బఫలో నగరంలోని రోజ్‌వెల్ పార్క్ పరిశోధకులు ప్రోస్టేట్ కణజాలం నుండే దానిని శుద్ధిచేసి ‘ప్రోస్టేట్‌కు ప్రత్యేకమైన ప్రతిజనకం’ అన్నారు. చివరకు ఈ పేరే నిలిచింది. నాకైతే ఈ పేరంటే సరిపడదు. చేసే పనేమిటో చెప్పదు. పైగా స్వల్పంగా తల్లిపాలలోనూ కనబడే పదార్థానికి ‘ప్రత్యేకమైన’ అనే విశేషణమేమిటి?

క్యాన్సరు చికిత్స పొందినవారిని గమనించడానికి 1986లోనూ, వ్యాధిని కనిపెట్టడంలో సాయానికి 1994లోనూ అమెరికా ప్రభుత్వం ఈ పరీక్షను ఆమోదించింది. ఏ బాధా లేనివారికి కూడా పరీక్షలు వెల్లువెత్తాయి. ప్రాణహాని చేయని మందగతి కంతులు సైతం బయటపడి, శస్త్రచికిత్సల ఫలితంగా మూత్రం ఆపుకోలేని దుస్థితి, లైంగిక అసమర్థత ఎందరికో మిగిలాయి. 1970లోనే ప్రోస్టేట్ ప్రతిజనకాలను వర్ణించిన రిచర్డ్ ఆబ్లిన్ 2010లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ పోకడను తీవ్రంగా విమర్శించాడు. అమెరికా నివారణ వైద్యసేవల నిపుణుల సంఘం 2012లో సామూహిక పరీక్ష వద్దన్నది. 2018లో కొంత సడలించి, 55 నుండి 69 ఏళ్ళవారు వైద్యునితో లాభనష్టాలు చర్చించి తామే నిర్ణయించుకోవాలన్నది.

ఇక మీ అంకె సంగతి. వీర్యంలో పి.ఎస్.ఏ. రక్తంలోకంటె సుమారు పది లక్షల రెట్లు ఉంటుంది. గ్రంథి గోడలు దానిని లోపలే ఆపుతాయి. క్యాన్సరు కణం ఆరోగ్యవంతమైన కణంకంటె ఎక్కువ పి.ఎస్.ఏ. తయారుచేయదు, గోడను చెడగొట్టి రక్తంలోకి కారనిస్తుంది. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షను ఉన్నా, మూత్రనాళంలో గొట్టం వేసినా, రెండు రోజులలోపు వీర్యస్ఖలనం జరిగినా అంకె పెరగవచ్చు. దీనికి విరుద్ధంగా, గ్రంథి వాపుకు ఫినాస్టరైడ్ వంటి మందు ఆరు నెలలకు మించి వాడుతుంటే అంకె సగానికి పడిపోతుంది. 3 అని కనబడినది నిజానికి 6 కావచ్చు. ఆ మందు వాడుతున్న సంగతి పరీక్షకు ముందే మీ వైద్యునికి చెప్పండి.