ముఖం నల్లబడటం: మనసు వ్రాత, ఎండ వ్రాత



మన భాషలో ముఖం ఊరకే ఉండదు. అవమానం జరిగితే నల్లబడుతుంది, ఆశ తీరకపోతే మాడుతుంది, భయం వేస్తే పాలిపోతుంది, కోపం వస్తే కందగడ్డ అవుతుంది. చిత్రమేమంటే, ఈ మాటలలో కొన్ని ఎండకు కూడా చెల్లుతాయి. మిట్టమధ్యాహ్నం తిరిగివచ్చినవాని ముఖమూ నల్లబడుతుంది, మాడుతుంది, కందిపోతుంది. మనసూ ఎండా ఒకే పలక మీద వ్రాస్తాయి. ఈ రెండు వ్రాతలను మానవుడు ఎలా చదవనేర్చాడో, ఎక్కడ తప్పు చదివాడో తెలిపే చరిత్ర ఒకటి ఉన్నది. మన నెల్లూరు తీరవాసులకు ఆ చరిత్ర తెలియడం ఆరోగ్యరీత్యా అవసరమని నా అభిప్రాయం.

ముందుగా మనసు వ్రాత సంగతి చూద్దాము. భరతుని నాట్యశాస్త్రం ముఖాన్ని ఎంతో సూక్ష్మంగా పరిశీలించింది. కనుబొమల కదలికలను ఏడుగా విభజించి, అందులో భ్రుకుటిని, అనగా బొమముడిని, క్రోధానికి జోడించింది. ముఖవర్ణంలో కలిగే మార్పుకు ముఖరాగమని పేరు పెట్టి, స్వాభావికం, ప్రసన్నం, రక్తం, శ్యామం అని నాలుగు విధాలు చెప్పింది. నటుడు కోరి తెచ్చుకోలేని ఎనిమిది సాత్త్విక భావాలలో స్వేదం, రోమాంచం, అశ్రువులతో పాటు వైవర్ణ్యాన్ని, అనగా రంగు మారడాన్ని కూడా చేర్చింది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో, ఈ నెల్లూరులోనే, భారతాన్ని తెనిగించిన తిక్కన పాత్రల చూపులోనూ చేష్టలోనూ మనసును చూపిన కవి అని పండితులు నేటికీ కొనియాడుతారు. ఈ విద్యను ఆంగ్ల పాఠకులకు అందించడంలో కూడా ఒక తెలుగువాని చేయి ఉన్నది. చీరాల పేరాల ఉద్యమ నాయకుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని ప్రచురించింది.

ఐరోపాలో ఇదే ప్రశ్నను శాస్త్రదృష్టితో అడిగినవాడు చార్లెస్ డార్విన్. 1867లో ఆయన 16 ప్రశ్నల పట్టిక ఒకటి అచ్చువేయించి వివిధ ఖండాలకు పంపాడు. కోపగించినవాడు బొమలు ముడుస్తాడా? సిగ్గు కలిగినపుడు, చర్మపు రంగు కనబడనిచ్చే మేరకు, ముఖం ఎర్రబడుతుందా? ఇటువంటివే ఆ ప్రశ్నలన్నీ. 36 సమాధానాలు వచ్చాయి. భారతదేశం నుండి కూడా కొందరు వ్రాశారు. 1872లో వెలువడిన ఆయన గ్రంథంలో రెండు పరిశీలనలు మనకు ముఖ్యమైనవి.

మొదటిది బొమముడి గురించినది. బొమలు ముడవడం కేవలం కోపచిహ్నం కాదనీ, తీవ్రమైన వెలుతురు నుండి కన్నులను కాచుకొనేందుకు కూడా అదే కండరం పనిచేస్తుందనీ ఆయన గుర్తించాడు. మైపాడు తీరాన ఉదయం నిలిచినవారికి ఈ మాట వెంటనే బోధపడుతుంది. బంగాళాఖాతం మనకు తూర్పున ఉన్నది. పడవల రాక కోసం ఒడ్డున ఎదురుచూసేవారికి సూర్యుడు సూటిగా కంటిలోనే ఉంటాడు. బొమలు ముడిచి, కళ్ళు చికిలించి చూసే ఆ ముఖాలను కొత్తవాడు చూస్తే, వీరంతా ఏదో తగవులో ఉన్నారనుకొంటాడు. అక్కడ ఉన్నది కోపం కాదు, ఎండ.

ఈ పొరపాటు మన శరీరమే మన విషయంలో చేస్తుందేమోనన్న అనుమానం కూడా ఉన్నది. 2013లో ఇటలీ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, నల్లకళ్ళద్దాలు లేకుండా సూర్యునికి ఎదురుగా నడిచినవారు, మిగిలినవారికంటె ఎక్కువ కోపాన్ని తమలో గుర్తించారు. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పరాదు. అయితే ముఖాన్ని చదవడం సులభం కాదన్నది మాత్రం స్థిరపడింది. 1960లలో పాపువా న్యూగినీలోని ఫోరే ప్రజల మధ్య పరిశోధించిన పాల్ ఎక్‌మన్, ఆనందం, దుఃఖం, క్రోధం, భయం, జుగుప్స, ఆశ్చర్యం అన్ని జాతుల ముఖాలలోనూ ఒకే తీరుగా కనబడతాయన్నాడు. 2019లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష దీనిని ప్రశ్నించింది. కోపం వచ్చినపుడు మనుషులు బొమలు ముడిచేది సుమారు 30 శాతం సందర్భాలలోనేనని అది తేల్చింది.

డార్విన్ గ్రంథంలోని రెండవ పరిశీలన రంగు గురించినది. నల్లని చర్మంలో సిగ్గుతో కలిగే ఎరుపు పైకి తెలియదు, కాని రక్తం ముఖానికి చేరడం మానదు. దీనికి నిదర్శనంగా ఆయన ఒక నల్లజాతి స్త్రీని గూర్చి మరొక వైద్యుడు వ్రాసిన సంగతిని ఉదాహరించాడు. ఆమె ముఖంపై ఒక గాయపు మచ్చ ఉండేది. ఎవరైనా హఠాత్తుగా గద్దించినపుడు ఆ మచ్చ ఎర్రబడేది. మచ్చలో మెలనిన్ అనే వర్ణద్రవ్యం లేనందున, లోపల జరిగేది అక్కడ బయటపడింది. పాఠకులు ఈ మచ్చను గుర్తుంచుకోవాలి. మన కథ మళ్ళీ దాని వద్దకే వస్తుంది.

ఇక ఎండ వ్రాత. 1894లో జర్మనీ వైద్యుడు పాల్ ఉన్నా, ఏళ్ళ తరబడి ఓడలపై ఎండకు ఎదురొడ్డిన నావికుల చర్మం గరుకెక్కి, కొందరిలో పుట్టకురుపుగా మారడాన్ని వర్ణించాడు. ఆ కాలంలోనే ఫ్రాన్సులోని బోర్డో వైద్యుడు డ్యుబ్రాయ్ ద్రాక్షతోటల కూలీలలో ఇదే గమనించాడు. అంటే సముద్రంలోనూ పొలంలోనూ పనిచేసే శ్రామికులే ఈ విషయంలో తొలి సాక్షులు. కాని లోకం వారి సాక్ష్యం వినలేదు. 1903లో నీల్స్ ఫిన్‌సెన్‌కు, కాంతితో చర్మక్షయను నయం చేసినందుకు నోబెల్ బహుమానం లభించింది. సూర్యకాంతి ఔషధమన్న పేరు వ్యాపించింది. 1920ల నాటికి, అంతవరకు కూలివాని గుర్తుగా ఎంచబడిన ఎండనలుపు, పాశ్చాత్య సంపన్నులకు విలాసచిహ్నమయింది. 1928లో ఫిండ్లే అతినీలలోహిత కిరణాలతో ఎలుకలలో చర్మ క్యాన్సరును కలిగించి చూపినా, ఆ మోజు ఆగలేదు. కృత్రిమ కాంతితో చర్మాన్ని నలుపు చేసే పరుపులు కూడా వచ్చాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లో సూర్యకాంతిని, 2009లో ఆ పరుపులను క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఎండకు నల్లబడటమంటే ఏమిటి? కిరణాలు చర్మకణాల డీఎన్ఏను గాయపరచినపుడు, ఆ గాయానికి ప్రతిస్పందనగా కణాలు మెలనిన్‌ను అధికంగా ఉత్పత్తి చేస్తాయి. కనుక అది ఆరోగ్యవర్ణం కాదు, దెబ్బ తగిలిన గుర్తు.

"డాక్టరుగారూ, మనది పుట్టుకతోనే నల్లని చర్మం కదా, మనకేమి భయం?" అని మీరడగవచ్చు. సగం నిజమే. మెలనిన్ మంచి కవచం. తెల్లవారితో పోలిస్తే మనలో చర్మ క్యాన్సరు చాలా తక్కువ. కాని సిగ్గును దాచిన ఆ రంగే ప్రమాదపు ఎరుపును కూడా దాచివేస్తుంది. అందువలన మనవారిలో జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. పైగా అది ఎండ తగలని చోట్ల కూడా పుడుతుంది. మెలనోమా అనే ప్రాణాంతక క్యాన్సరు నల్లనివారిలో తరచుగా అరికాలిలోనో, అరచేతిలోనో, గోటి క్రిందనో మొదలవుతుంది. గాయకుడు బాబ్ మార్లే 1981లో, 36వ ఏట, కాలిగోటి క్రింద మొదలైన మెలనోమాతోనే మరణించాడు. ఇసుకలో చెప్పులు లేకుండా నడిచేవారు తమ అరికాలిని తాము చూసుకొనేది ఎప్పుడు?

ఇప్పుడు ఆ మచ్చ వద్దకు వద్దాము. 1828లో ఫ్రెంచి వైద్యుడు మార్జొలాన్ పాత మచ్చలలో పుట్టే పుండ్లను వర్ణించాడు. కాలిన మచ్చలు, మానని పుండ్లు ఏళ్ళ తరువాత క్యాన్సరుగా మారవచ్చునని అనంతరం తెలిసింది. నల్లని చర్మంలో చర్మ క్యాన్సరు పుట్టే ముఖ్యస్థానాలలో ఇది ఒకటి. డార్విన్ గ్రంథంలో మనసును బయటపెట్టిన మచ్చే, ఇక్కడ రోగాన్నీ బయటపెడుతుంది. మనం చూడాలంతే.

కనుక నా విన్నపం ఇది. మనసు తెచ్చిన రంగు నిమిషాలలో పోతుంది. ఎండ తెచ్చిన నలుపు కొన్ని వారాలలో తగ్గుతుంది. తగ్గనిదీ, పెరిగేదీ వైద్యునికి చూపవలసినది. నాలుగు వారాలకు మానని పుండు, పాత కాలుడు మచ్చలో కొత్తగా లేచిన పుండు, క్రింది పెదవిపై గట్టిపడిన పొర, అరికాలిలో పెరుగుతున్న నల్లమచ్చ, ఒకే గోటిలో వెడల్పవుతున్న నల్లచార, వీటిలో ఏది కనబడినా ఆకుపసర్లతో కాలం గడపవద్దు. పుట్టుకతోనే వర్ణద్రవ్యం లేని బిడ్డలకు ఎండ పరమ శత్రువు. వారిని పగటిపూట ఒంటినిండా బట్టతో, టోపీతో పంపండి.

పొడి ఇసుక సుమారు 15 శాతం, సముద్రపు నురుగు 25 శాతం అతినీలలోహిత కిరణాలను తిరిగి మన మీదికే విసురుతాయి. గొడుగు క్రింద కూర్చున్నా తీరంలో పూర్తి రక్షణ లేదన్నమాట. పడవలలోనూ ఉప్పుమళ్ళలోనూ పనిచేసేవారికి పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచుగల టోపీ లేదా తలగుడ్డ, నల్లకళ్ళద్దాలు విలాసాలు కావు, పనిముట్లు. నలుపు పోవాలని దుకాణంలో అడిగి స్టెరాయిడ్ లేపనాలు పూయవద్దు. అవి చర్మాన్ని పలుచన చేస్తాయి. 2018లో ప్రభుత్వం వాటిలో పలు మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్ణయించినది అందుకే.

మనవారు ఇంటికి రాగానే ముఖం చూసి "ఏమయింది?" అని అడగడం మనకు అలవాటు. ఆ అలవాటును అరికాలి వరకు సాగించండి. నెలకొకసారి, తలస్నానం చేసిన రోజున, ఇంటి పెద్దల పాదాలనూ వీపునూ వెలుతురులో ఒక్కమారు పరికించండి. నమస్కరించడానికి వంగినపుడే ఆ పని కూడా ముగుస్తుంది.