సోతెర్న్ ద్రాక్షాసవము: ఐతిహ్యము, చరిత్ర

యానాము 18వ శతాబ్ది పూర్వార్ధము నుండి 1954 వరకు, నడుమ నడుమ ఆంగ్లేయుల ఆక్రమణకాలములు మినహాయింపగా, ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఇన్ని తరముల సహవాసముచే ఫ్రెంచి భాషతోను, ఫ్రెంచి న్యాయస్మృతితోను అచటి తెలుగువారికి పరిచయ మేర్పడినది. ఐనను ఫ్రాన్సు దేశపు ద్రాక్షాసవమును గూర్చి మనవారిలో గల యభిప్రాయము మాత్రము తరచు సీసాను దాటి పోదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్ర మంతటను మద్యనిషేధ మమలు కాగా, యానాము ఆ శాసనమునకు వెలుపల నుండెను. నిషేధపు సరిహద్దున నిలిచి చూచినవారికి ఫ్రెంచి మద్యము కేవలము మత్తుపదార్థముగా తోచుట సహజమే. కాని మంచి ఆసవము వెనుక నొక నేల, ఒక వృత్తి, ఒక చరిత్ర ఉండును. సోతెర్న్ అను తీపి ద్రాక్షాసవము ఇందుకు తగిన యుదాహరణము. దాని పుట్టుకను గూర్చిన కథలను పత్రముల వెలుగున పరీక్షించి, పిదప నిలువచేయు విధమును, సేవించు విధమును వివరించుట ఈ వ్యాసమున నా యుద్దేశము. ఆ పరీక్ష పొరుగునాడులలో స్థిరపడిన మనకును అక్కరకు రాగలదని చివర నిరూపింప యత్నింతును.

నైరృతి ఫ్రాన్సున బొర్డో నగరమునకు ఆగ్నేయముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గారోన్ నది యెడమ గట్టున సోతెర్న్ సీమ యున్నది. సోతెర్న్, బొమ్మ్, ఫార్గ్, ప్రెన్యాక్, బార్సాక్ అను అయిదు గ్రామములకు మాత్రమే ఈ పేరిట ఆసవమును అమ్ము హక్కు కలదని 1936లో ఫ్రెంచి ప్రభుత్వము నిర్ణయించినది. ఈ సీమలో సిరోన్ అను చిన్న యేరు గారోన్‌లో కలియును. అడవినీడల నుండి వచ్చు సిరోన్ నీరు చల్లనిది. గారోన్ నీరు దానికంటె వెచ్చనిది. శరదృతువున ఈ రెండును కలియుచోట తెల్లవారుజామున పొగమంచు లేచి తోటలను కప్పును. మధ్యాహ్నమునకు ఎండ కాసి ఆ తేమ నార్చును. ఈ తేమయు, ఈ ఎండయు ఒకదాని వెంట నొకటి వచ్చుటచే ద్రాక్షపండ్లపై బొట్రైటిస్ సినేరియా అను బూజు పట్టును. ఎండ లేనిచో నదియే పంటను కుళ్ళించి నాశన మొనర్చును. ఎండ దొరకినచో పండు తొక్కను సన్నసన్నగా తొలిచి, లోపలి నీటిని ఆవిరిగా పోనిచ్చి, చక్కెరను, పులుపును చిక్కబరచును. ఫ్రెంచివారు దీనికి ‘మేలిజాతి కుళ్ళు’ అని యర్థ మిచ్చు పేరు పెట్టిరి.

సెమియోన్, సోవిన్యోన్, మ్యుస్కదెల్ అను తెల్ల ద్రాక్షజాతు లిందుకు వాడుదురు. అన్ని పండ్లకును బూజు ఒకేనాడు పట్టదు. కనుక కోతగాండ్రు ఒకే తోటను పలుమారులు, ఒక్కొక్కప్పుడు ఆరేడు మారులు తిరిగి, తగినట్లు ముడుతలు పడిన పండ్లను మాత్రమే ఏరుదురు. ఈలోపల పెద్దవాన కురిసినచో యేడాది శ్రమ నేలపాలు. ఎండిన పండ్లలో రసమును స్వల్పము. హెక్టారునకు 2,500 లీటర్లకు మించరాదని కట్టుబాటు కలదు; శ్రేష్ఠమైన తోటలలో అంతయు రాదు. షాటో దికెమ్ అను ప్రఖ్యాతమైన తోటలో ఒక తీగకు ఒక గ్లాసు ఆసవము దక్కునని లెక్క చెప్పుదురు. పంట తమ స్థాయికి తగియుండలేదని 1972, 1974, 1992, 2012 సంవత్సరములలో ఆ తోటవారు తమ పేరిట ఆసవమునే విడుదల చేయలేదు.

ఇక ఐతిహ్యముల సంగతి. 1847లో దికెమ్ ప్రభువు రష్యా దేశమునకు వేటకు పోయెనట. తాను మరలివచ్చు వరకు కోత కోయరాదని యాజ్ఞ. ఆయన రాక ఆలస్యము కాగా పండ్లు బూజుపట్టెను. విధిలేక వానినే పిండగా అమృతతుల్యమైన రసము వచ్చెనట. లా తూర్ బ్లాన్ష్ అను పొరుగుతోటవారి కథ వేరు. 1836లో ఆ తోట యజమానియైన ఫోక్ అనునతడు ఎడతెగని వానలు వెలియు వరకు కోత నాపెననియు, తరువాత ఎండకు వడలిన పండ్లనుండి ఈ ఆసవము పుట్టెననియు అందురు.

ఈ కథలు ఈ సీమకే పరిమితములు కావు. జర్మనీలోని యోహానిస్‌బెర్గ్ తోటలో 1775లో కోతకు అనుమతి తెచ్చు దూత ఆలస్యముగా వచ్చుటచే ఇట్టి ఆసవమే పుట్టినదని చెప్పుకొందురు. హంగేరీలోని తొకాయ్ సీమలో యుద్ధభయముచే కోత ఆలస్యమై, 17వ శతాబ్దిలో నొక మతబోధకుడు దీనిని కనుగొనెనని ప్రతీతి. కాని బూజుపట్టిన పండ్ల ఆసవమునకు తొకాయ్‌లో గల పేరు 1571 నాటి పత్రముననే కానవచ్చుచున్నది. యజమాని రాక ఆలస్యము, దూత రాక ఆలస్యము, శత్రుభయము: పాత్రలు మారినవి గాని కథ యొక్కటియే. ఒకే కథ నాలుగు ఊళ్ళకు చెల్లినప్పుడు అది ఏ యొక్క ఊరి చరిత్రగాను చెల్లుట కష్టము.

సోతెర్న్ సీమ పత్రములు చెప్పునది వేరు. 1666 అక్టోబరు నాటి యొక పత్రమున అచటి ద్రాక్షకోత అక్టోబరు 15వ తేదీ ప్రాంతమున జరుగు ప్రస్తావన యున్నది. అనగా కోతకు జాగుచేయుట ఆకస్మికము గాక అప్పటికే అలవాటని గ్రహింపవలెను. 17వ శతాబ్దిలో బొర్డోకు వచ్చుచుండిన డచ్చి వర్తకులు తీపి తెల్ల ఆసవములను మిక్కిలిగా కొనుచుండిరి. ఆ గిరాకీ యీ యలవాటునకు ఊత మిచ్చియుండును. 1787లో ఫ్రాన్సునందలి అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ బొర్డోను దర్శించి, 1784 నాటి దికెమ్ ఆసవమును 250 సీసాలు తెప్పించుకొనెను. 1790లో అధ్యక్షుడు వాషింగ్టన్ కొరకు 30 డజన్లును, తనకొరకు 10 డజన్లును మరల కోరెను. 1836 నాటికో 1847 నాటికో పుట్టవలసిన కీర్తి అప్పటికే సముద్రములు దాటినది.

ఇందు మరవరాని వ్యక్తి యొకరు కలరు. దికెమ్ తోటకు వారసురాలైన ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్ 1785లో లూర్ సాల్యూస్ వంశస్థుని వివాహమాడి, 1788లోనే భర్తను కోల్పోయెను. ఫ్రెంచి విప్లవకాలమున చెరసాల ననుభవించియు తోటను నిలుపుకొని, 1826లో నూతన ఆసవశాలను గట్టించెను. రష్యా వేట కథకు ఇది 21 సంవత్సరములు ముందు. దశాబ్దముల పాటు ఆమె వహించిన యాజమాన్యము ఐతిహ్యమున కనబడదు. వేటకు పోయి జాగుచేసిన ప్రభువు మాత్రము కనబడును!

1855 పారిస్ ప్రదర్శనమునకై బొర్డో దళారులు ధరల ననుసరించి తోటలకు శ్రేణులు నిర్ణయించినప్పుడు, మొదటి శ్రేణికిని పైనుండు స్థానమును దికెమ్‌కు మాత్రమే యిచ్చిరి. 1859లో రష్యా రాజవంశీయుడు కాన్‌స్తంతీన్, 1847 నాటి దికెమ్ ఆసవమును 900 లీటర్ల కొలతకు 20,000 బంగారు ఫ్రాంకు లిచ్చి కొనెను. ఐతిహ్యమున రష్యాయు, 1847వ సంవత్సరమును కలసి వచ్చుటకు ఈ విక్రయమే కారణమై యుండునని నా యూహ. కీర్తి ముందు, కథ వెనుక.

ఇట్టి ఆసవమును నిలువచేయుటకును ఓర్పే ప్రధానము. లీటరునకు నూరు గ్రాములకు మించిన చక్కెర, దానికి తగిన పులుపు, నూటికి 13, 14 పాళ్ళ ఆల్కహాలు గల దగుటచే ఇది దీర్ఘకాలము చెడదు. మంచి సంవత్సరపు సీసా అర్ధశతాబ్దమును, అంతకు మించియు నిలుచును. పసిడివన్నె క్రమముగా తేనెరంగునకును, పిదప గోధుమరంగునకును మారును; తాజా పండ్ల వాసన తగ్గి ఎండుపండ్ల, నారింజతొక్కల, కాల్చిన చక్కెర పరిమళములు హెచ్చును. సీసాను పరుండబెట్టవలెను, లేనిచో బిరడా ఎండి గాలి చొచ్చును. చీకటి, నిశ్చలత, కొంత తేమ, సుమారు 12 డిగ్రీల స్థిరమైన చల్లదనము కావలెను. మన తీరప్రాంతపు వేసవిలో వట్టి యలమరలో నుంచిన సీసా త్వరలోనే చెడుననుటలో సందేహము లేదు.

8 మొదలు 12 డిగ్రీల చల్లదనమున, చిన్న గ్లాసులలో, కొంచెము కొంచెముగా దీనిని సేవింతురు. మూత తీసిన సీసా చల్లనిచోట కొన్ని దినములు నిలుచును గనుక త్వరపడి ముగింపవలసిన పనిలేదు. ఫ్రెంచివారు దీనిని బాతుకాలేయపు వంటకముతోను, రొక్‌ఫోర్ అను నీలిబూజు గల గొర్రెపాల చీజుతోను జతపరతురు. ఉప్పదనము తీపికి మెరుగుపెట్టును. పండ్లతో చేసిన భక్ష్యములును పొసగును. భక్ష్యము ఆసవముకంటె తియ్యనిదైనచో ఆసవము పుల్లగా తోచుననుట వారి ముఖ్యసూత్రము. ఆ సూత్రమును బట్టి బెల్లపు పూతరేకులతో ఇది పొసగదు. జీడిపప్పు వేపుడుతో పొసగవచ్చును.

ఈ విచారణ వలన మనకు కలుగు లాభ మేమి? తమిళనాట స్థిరపడిన తెలుగువారిలో పలువురి వలసగాథలయందు ఒకే రాత్రి పలాయనమును, ఏటియొడ్డున చెట్టు వంగి దారి యిచ్చుటయు వినవచ్చును. అవి మన పెద్దల స్మృతులు, పూజ్యములు. ఐనను ఒకే గాథ పలు సంఘములలో వినబడునప్పుడు, శాసనములను, దానపత్రములను, ఇంటింటి తాటాకులను వెదకుట మన విధి. గాథలో ఒక్క రాత్రి జరిగినదానికి పత్రములలో నూరేండ్ల శ్రమ కనబడవచ్చును; గాథ మరచిన స్త్రీల పేర్లును, కూలీల పేర్లును అందు దొరకవచ్చును. ఆ తాటాకులు చెదలపాలు కాకమునుపే ఆ పని జరుగవలెను. సోతెర్న్ కోతగాడు బూజు పరిపక్వమగు వరకు వేచియుండగలడు. మనకు మాత్రము వేచియుండు వ్యవధి లేదు.