నరసాపురపు లంగరు

ఓడను వర్ణించువారు తెరచాపను వర్ణింతురు, నావికుని పొగడుదురు. లంగరు ప్రసక్తి తుపాను రేగినప్పుడు గాని రాదు. సముద్రయాన ప్రదర్శనశాలలలో పూర్వపు లంగరులకు ప్రతిరూపములు చేయించి నిలుపుట నేడు వాడుకయైనది. ఉప్పునీట చిరకాలము మునిగియున్న యినుము, పైకి దీసి తగిన చికిత్స చేయనిచో, గాలి సోకి పొరలు పొరలుగా రాలిపోవును. కావున నకలు తప్పనిదగుచున్నది. చూచువారికి దానివలన ఆకారము తెలియును. అందు మన కమ్మరుల పని యెంత కనబడుచున్నదో సంఘబాంధవులు విచారింపవలసియున్నది.

ఈ వ్రాయువాడు హైదరాబాదు తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు చేరువ నివసించువాడు. సముద్రమింత దవ్వుననుండ నీకు లంగరు మాట యేలయని మిత్రులు నవ్వుట కలదు. తార్నాకకు ఆగ్నేయమున కొలది క్రోసుల దూరమున నున్న హయత్‌నగరు మీదుగనే గోలకొండ నుండి మచిలీబందరునకు బోవు పాతబాట సాగెడిది. 17వ శతాబ్దమున బందరును, గోదావరి వసిష్ఠశాఖపైనున్న నరసాపురమును గోలకొండ సుల్తానుల యేలుబడిలోనివే. నరసాపురపు చేరువ మాధవాయిపాలెమున ఆంగ్లేయులును, పాలకొల్లున డచ్చివారును వర్తకస్థానముల నేర్పఱచుకొనిరి.

థామస్ బౌరీ యను ఆంగ్ల నావికవర్తకుడు 1669 మొదలు 1679 వఱకు తాను చూచిన విశేషములను వ్రాసియుంచెను. ఆ వ్రాతప్రతి 1905లో హాక్లూట్ సంఘమువారిచే అచ్చయినది. నరసాపురమున మంచి కలప దొరకుననియు, ఓడపనికి ఆ తీరమున కెల్ల మేలైన యినుము అక్కడిదే యనియు, మేకులు, సీలలు, లంగరులు మున్నగువానిని అచ్చటివారే మిక్కిలి నేర్పుతో చేయుదురనియు అతడు చెప్పినాడు. పరదేశియొకడు, అందును ఓడలనెఱిగినవాడు, మనవారి కిచ్చిన యీ యోగ్యతాపత్రమును మనమే చదువకుండుట వింతగదా! అతడు ఒక్క కమ్మరి పేరైనను వ్రాయలేదు.

మన యినుమును గూర్చి మాటవచ్చిన ప్రతిసభలోను కోనసముద్రపు ఉక్కును, డమాస్కసు కత్తులను స్తుతించి విరమింతురు. ఆ కీర్తి న్యాయమైనదే. కాని కత్తికి పనికివచ్చు గట్టి యుక్కు లంగరునకు పనికిరాదు. అలతాకిడికి పెళుసై విఱుగును. లంగరునకు వలయునది వంగియు విఱుగని మెత్తని యినుము. ఆ కాలపు కొలుములలో నంత పెద్ద వస్తువును ఒక్క ముద్దగా తీయుట యసాధ్యము. కనుక కడ్డీలను కట్టగట్టి, బొగ్గులలో తెల్లగా కాచి, పలువురు సమ్మెటలతో మోది యేకము చేయుదురు. కాండమును, రెండు కొమ్ములును కలియుచోటి అతుకే ప్రాణస్థానము. కాక తగ్గినను, చిట్టెము నడుమ చిక్కినను పైకి తెలియదు; తుపానునాడు తెలియును.

ఆ అతుకు విడిచినచో నేమగునో మోటుపల్లి శాసనము చెప్పును. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతమున వేయించిన యా యభయశాసనమువలన, గాలివానకు కొట్టుకొనివచ్చి యొడ్డెక్కిన ఓడలలోని సర్వస్వమును పూర్వరాజులు హరించెడివారని తెలియుచున్నది. గణపతిదేవుడు దయతలచి, ముప్పదింట నొకవంతు సుంకము మాత్రము గైకొందునని వర్తకులకు మాటయిచ్చెను. ఆ యభయము లేని రేవున లంగరు తెగిన ఓడకు ప్రాణభయమొకటి, రాజభయమొకటి.

ఇపుడు ప్రతిరూపము సంగతి. అచ్చులో పోసిన నకలుకు అతుకే యుండదు; సమ్మెటదెబ్బయు నుండదు. కొమ్ములు, కాండము, అడ్డుదూలము అన్నియు నున్నను, అందు కమ్మరి లేడు. నరసాపురపు లంగరునకు ప్రతిరూపమును నిర్మించువారెవరైనను, దానిని కొలిమిలోనే చేయించుట యుక్తమని నా యభిప్రాయము. తార్నాక చుట్టుపట్ల విద్యుత్తుతో కిటికీచువ్వల నతుకు మన పిల్లలలో తిత్తి పట్టుట యెఱిగినవారు అరుదైరి. పెద్దలు కొందఱింకను ఉన్నారు. ఉస్మానియా ప్రాంగణమున 1929లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాల కలదు. మన దాతలు బొగ్గునకును ఇనుమునకును వ్యయము భరించి, పెద్దలచేత నొక చిన్న లంగరు నతికించి, దాని బలమును పరీక్షించి యిమ్మని ఆ కళాశాలవారిని ప్రార్థింపవచ్చును. అతుకు నిలిచినను విఱిగినను ఆ ఫలితమును ప్రతిరూపము క్రింది పలకపై వ్రాయింపవలెను; పనిచేసినవారి పేళ్లతో సహా.