కాంకర్డ్ ద్రాక్ష – ప్రభువు బల్ల: ఒక చారిత్రక పరిశీలన

ప్రభురాత్రి భోజనములో పులిసిన ద్రాక్షారసము వాడవలెనా, పులియనిది వాడవలెనా అన్న చర్చ మన సంఘాలలో లేఖన చర్చగానే సాగుతుంది. దాని వెనుక ఒక ద్రాక్షరకము చరిత్ర ఉన్నదని తెలిసినవారు తక్కువ. అది అమెరికాలో పుట్టిన కాంకర్డ్.

మసాచుసెట్స్ రాష్ట్రములోని కాంకర్డ్ పట్టణములో ఎఫ్రాయీము వేల్స్ బుల్ (1806–1895) బంగారు రేకులు సాగగొట్టే పని చేసేవాడు. యూరపు తీగెలు అక్కడి చలికి, తెగుళ్లకు తాళలేకపోయాయి. అందుచేత అతడు అడవిలో పెరిగే లాబ్రుస్కా జాతి విత్తనాలు నాటి, వేలాది మొలకలను పరీక్షించి, 1849లో ఒకదానిని ఎన్నుకున్నాడు. 1853లో దానిని బోస్టనులో ప్రదర్శించాడు. నర్సరీలవారు అంట్లు కట్టి అమ్ముకొని లాభపడ్డారు; బుల్ పేదవాడిగానే మరణించాడు. అతడు విత్తగా ఇతరులు కోసుకున్నారని అతని సమాధిరాయి చెబుతుంది. యోహాను 4:37 చదివినవారికి ఈ మాట ఎక్కడిదో చెప్పనక్కరలేదు.

కాంకర్డ్ పండు వాసన ఘాటైనది. దానికి ముఖ్య కారణము మిథైల్ ఆంత్రనిలేట్. మల్లెపూలలో కూడా ఇది ఉంటుంది. యూరపు ద్రాక్షారసమునకు అలవాటుపడినవారు దీనిని ‘నక్క వాసన’ అని ఈసడించారు. పరమగీతము 2:15లో నక్కలు ద్రాక్షతోటలను చెరుపుతాయి; ఇక్కడ నక్క పేరు ద్రాక్షకే అంటుకున్నది! పండులో పులుపు ఎక్కువ, చక్కెర తక్కువ. కాబట్టి మద్యము చేసేటప్పుడు చక్కెర కలుపుతారు. న్యూయార్క్ ప్రాంతపు యూదులు పస్కాకు త్రాగిన తియ్యని కోషర్ ద్రాక్షామద్యము ఎక్కువగా దీనితో చేసినదే.

ఇదే పండును క్రైస్తవ సంఘము మరొక విధముగా వాడుకున్నది. న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్ 1861లో ద్రాక్షతోటల కొరకును, మద్యము అమ్మని ఊరుగాను స్థాపించబడినది. ఆ ఊరి మెథడిస్టు సంఘములో ప్రభువు బల్ల సిద్ధపరచే బాధ్యత థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్‌ది. అతడు మునుపు బోధకుడు, తరువాత దంతవైద్యుడు. 1869లో అతడు కాంకర్డ్ రసమును వడగట్టి, సీసాలలో బిగించి, మరుగుతున్న నీటిలో ఉంచాడు. పాశ్చర్ 1860లలో చూపిన సూత్రమే ఇది: వేడికి ఈస్టు చనిపోతుంది, రసము పులియదు. దానికి ‘పులియని వైన్’ అని పేరు పెట్టాడు. సంఘాలు మొదట పెద్దగా కొనలేదు. కుమారుడు చార్లెస్ దానిని నిలబెట్టి, 1893 చికాగో ప్రదర్శనతో ప్రచారములోకి తెచ్చాడు.

ఇక్కడ మనము జాగ్రత్తగా ఉండాలి. పాలస్తీనాలో ద్రాక్ష వేసవి చివర కోతకు వస్తుంది. పస్కా వసంతములో వస్తుంది. నడుమ ఆరు నెలలకు పైగా రసము పులియకుండా సామాన్యముగా నిలువ ఉండదు. పండు తొక్కమీది ఈస్టే అందుకు చాలు. కొరింథు సంఘములో కొందరు బల్లయొద్ద మత్తులైరని పౌలు వ్రాశాడు (1 కొరింథీ 11:21). కాబట్టి ‘ప్రభువు పులియని రసమే ఇచ్చెను’ అన్న వాదము చరిత్రయెదుట నిలువదు. త్రాగుడు మానిన సహోదరుని నిమిత్తము పులియని రసము వాడుట వేరు. దానికి రోమా 14:21 ఆధారము, అది బలమైన ఆధారమే.

మన భాషలో ఈ సమస్య మరింత మరుగున పడినది. ఎఫెసీ 5:18లో మన అనువాదము ‘మద్యము’ అంటుంది, యోహాను 2లో కానా విందున ‘ద్రాక్షారసము’ అంటుంది. గ్రీకులో రెండుచోట్లా ‘ఓయినోస్’ అనే ఒకే మాట. మత్తయి 26:29లో మాత్రము గ్రీకు ‘ద్రాక్షావల్లి ఫలము’ అంటున్నది, అక్కడ కూడా మనకు కనబడేది ‘ద్రాక్షారసము’ అనే మాటే.