చలిజ్వరం గుట్టు రట్టయిన తీరు

మలేరియా మనిషికి వేల ఏళ్లుగా తెలిసిన జబ్బు. తెలుగునాట దాన్ని చలిజ్వరం అన్నారు. ఏజెన్సీ కొండల్లో ఎక్కువగా కనిపించడంతో మన్యం జ్వరమనీ పేరు పడింది. వణుకుతో మొదలై, ఒళ్లు కాలిపోయి, చెమటలు పోసి దిగిపోవడం, రోజు విడిచి రోజు మళ్లీ రావడం దాని తీరు. చిత్తడి నేలల మీది చెడుగాలే దీనికి మూలమని పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా చాలామంది వైద్యులు నమ్మారు. సింకోనా బెరడు నుంచి తీసిన క్వినైన్‌తో జ్వరం తగ్గేది గానీ, జబ్బు ఎలా సోకుతుందో అంతుబట్టలేదు.

1880 నవంబరు 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్‌లో ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫోన్స్ లావెరాన్ ఒక సైనికుడి రక్తంలో కదులుతున్న పరాన్నజీవిని చూశాడు. అది బాక్టీరియా కాదు, ప్రోటోజోవా రకానికి చెందిన ఏకకణ జీవి. ఎర్ర రక్తకణాల్లో చేరి హిమోగ్లోబిన్‌ను తిని నల్లటి రేణువులను మిగులుస్తుంది. ఆ నలుపే తర్వాతి పరిశోధకులకు ఆనవాలు అయింది.

పరాన్నజీవి దొరికినా అది ఒంట్లోకి వచ్చే దారి తెలియలేదు. బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలోని అమోయ్‌లో కనుగొన్నాడు. మలేరియాకూ దోమే వాహకం కావచ్చని ఆయన ఊహించాడు. అయితే దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవారికి జబ్బు వస్తుందనీ అనుకున్నాడు. 1894లో లండన్‌లో ఈ ఊహను ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రొనాల్డ్ రాస్‌కు చెప్పాడు.

అల్మోరాలో పుట్టిన రాస్ 1895లో సికింద్రాబాద్‌లోని 19వ మద్రాసు పదాతిదళానికి వైద్యుడిగా వచ్చాడు. లార్వాలను పెంచి, పుట్టిన దోమలను దోమతెరలో పడుకున్న రోగుల మీద వదిలి, రక్తం తాగాక వాటిని కోసి చూసేవాడు. చేతికి దొరికినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. నేటి పేర్లలో ఇవి క్యూలెక్స్, ఏడిస్ జాతులు. మనిషి మలేరియా పరాన్నజీవి వాటిలో పెరగదు. అందుకే రెండేళ్ల శ్రమలో ఆయనకు ఏమీ కనిపించలేదు.

1897 ఆగస్టులో బేగంపేట సైనిక ఆసుపత్రిలో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. 16వ తేదీన వాటిని హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చారు. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక్కో అణా ముట్టింది. ఉక్కగా ఉన్నా పంకా వేసుకోవడానికి లేదు, గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి ఉంది. 20వ తేదీన, నాలుగు రోజుల కిందట రక్తం తాగిన దోమను కోస్తే, కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో ఉన్నది మలేరియా పరాన్నజీవి వదిలే ఆ నల్లటి రేణువులే. మర్నాడు చివరి దోమలో ఆ కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. అంటే పరాన్నజీవి దోమలో బతకడమే కాదు, పెరుగుతోంది. ఈ వివరాలు డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి.

ఇంతలో రాస్‌కు బదిలీ అయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని కొనసాగించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని జులైలో తేల్చాడు. జబ్బు నీళ్ల వల్ల కాదు, కాటు వల్లే వస్తుందని దీంతో స్పష్టమైంది. మనిషి మలేరియాను మోసేది అనాఫిలిస్ ఆడదోమ అని అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ, బిన్యామి, బాస్టియానెల్లి నిరూపించారు. ఘనత ఎవరిదన్న తగవు చాలాకాలం నడిచింది. నోబెల్ బహుమతి 1902లో రాస్‌కు, 1907లో లావెరాన్‌కు వచ్చింది.

దోమ జాతి తెలిశాక పోరాటం దాని అలవాట్ల మీదికి మళ్లింది. మైదానాల్లో అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ కాలువలు, పొలాలు, గుంటల నీటిలో గుడ్లు పెడుతుంది. కొండవాగుల్లో ఫ్లూవియాటిలిస్, పట్టణాల నీటి ట్యాంకుల్లో స్టెఫెన్సై పెరుగుతాయి. అందుకే ఒకచోట పనిచేసిన ఉపాయం మరోచోట పనిచేయదు.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యేనాటికి భారత్‌లో ఏటా ఏడున్నర కోట్ల మందికి జబ్బు సోకుతోందనీ, 8 లక్షల మంది చనిపోతున్నారనీ అంచనా. ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టడంతో 1965 నాటికి కేసులు దాదాపు లక్షకు దిగాయి. తర్వాత దోమలు మందుకు అలవాటుపడ్డాయి, పరాన్నజీవి క్లోరోక్విన్‌కు లొంగడం మానింది, నిఘా సడలింది. 1976లో కేసులు 64 లక్షలకు చేరాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 26 కోట్లకు పైగా కేసులు, సుమారు 6 లక్షల మరణాలు సంభవించాయి. మృతుల్లో ఎక్కువమంది ఆఫ్రికాలోని అయిదేళ్లలోపు పిల్లలు. 2021లో ఆర్‌టీఎస్‌ఎస్, 2023లో ఆర్21 టీకాలకు ఆ సంస్థ సిఫారసు దక్కింది. ఆర్21ను పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. అయితే ఈ టీకాలు జబ్బును పూర్తిగా ఆపలేవు కనుక మందు పూసిన దోమతెరలు, సత్వర రక్తపరీక్ష, ఆర్టెమిసినిన్ మిశ్రమ చికిత్స వాటితోపాటు కొనసాగుతున్నాయి.